ఈ ఫైలు ఏ గ్రూపుది?

1979లో రేవుగా మొదలై, 1985లో ఫ్రీ జోన్ పెట్టుకున్న దుబాయ్ జెబెల్ అలీలో సరుకు కంటే ముందు కాగితం కదలాలి. ఇన్‌వాయిసు, ప్యాకింగ్ లిస్టు అన్నీ ఇప్పుడు ఫైళ్లే. అకౌంట్స్ వాళ్లది విండోస్, డిజైన్ వాళ్లది మ్యాక్, మూలగదిలో సర్వరుది లైనక్స్. ఇలాంటి ఆఫీసులో పొద్దున ఒకరు సేవ్ చేసిన ప్యాకింగ్ లిస్టును మధ్యాహ్నం పక్క సీటాయన దిద్దబోతే 'యాక్సెస్ డినైడ్' అంటుంది. వెంటనే ఫోల్డరు మొత్తానికి 777, అంటే అందరికీ అన్ని హక్కులూ, ఇచ్చేయడం చాలామందికి అలవాటు. అది మరమ్మతు కానే కాదు. ఇక్కడ తప్పు మనిషి దగ్గర లేదు, ఫైలు పుట్టిన తీరులో ఉంది.

లైనక్స్‌లో ప్రతి ఫైలుకూ ఓనరు, గ్రూపు, మిగతావారు అని మూడు అంకెలు. చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1; మూడూ కలిస్తే 7. 1993లో ఎన్‌టీతో వచ్చిన విండోస్ పద్ధతి వేరు: ఎవరికి ఏ హక్కో పేరుపేరునా జాబితా ఉంటుంది, పై ఫోల్డరు నుంచి కొత్త ఫైలుకు అది వారసత్వంగా దిగుతుంది. ఈ రెంటికీ మధ్య దుబాసీ సాంబా. 1990ల మొదట్లో ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్ మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్. దాని సెట్టింగులు ముట్టుకోకపోతే విండోస్ నుంచి సేవ్ చేసిన కొత్త ఫైలు మామూలుగా 744తో పుడుతుంది. ఓనరుకు 7, గ్రూపుకు 4 మాత్రమే. అంటే పక్కవారు చదవగలరు, దిద్దలేరు. పైగా అది విభాగం గ్రూపుకు కాక, సేవ్ చేసినవారి సొంత గ్రూపుకు చెందుతుంది. ఫోల్డరుకు సెట్‌జీఐడీ పెడితే కొత్త ఫైళ్లు ఫోల్డరు గ్రూపునే తీసుకుంటాయి. సాంబాలో క్రియేట్ మాస్క్ 664, డైరెక్టరీ మాస్క్ 2775 చేస్తే గ్రూపుకు రాసే హక్కు వస్తుంది. పాత ఫైళ్లను మాత్రం ఒకసారి చేత్తో సరిచేయాలి. కొత్తగా గ్రూపులో చేర్చిన ఉద్యోగి లాగాఫ్ అయి మళ్లీ లాగిన్ అయితేగానీ ఆ హక్కు పనిచేయదు. ఈ ఒక్కటి తెలియక గంటలు పోతాయి.

కంటెయినరు గేటు దగ్గర ఆగి ఉంటే ఈ పాఠాలకు టైమెక్కడిది అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ సర్వరులో 'ఎల్ఎస్ -ఎల్' అని కొడితే ఓనరు, గ్రూపు, హక్కులు ఒకే వరసలో కనిపిస్తాయి. అర నిమిషం పని. 777తో తెరుచుకునేది నిన్నటి ఫైలు. రేపు సేవ్ చేసే ఫైలు మళ్లీ 744తోనే పుడుతుంది, మళ్లీ అదే ఫిర్యాదు వస్తుంది. చిన్న ఆఫీసు, అందరూ మనవాళ్లే కదా అనేది ఇంకో మాట. మనుషుల్ని నమ్మండి, తప్పులేదు. ఫైళ్లను బంధించి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ మాత్రం మామూలుగా లాగిన్ అయిన మనిషి హక్కులతోనే నడుస్తుంది. ఆయన రాయగలిగిన ప్రతి ఫైలునూ అదీ పాడుచేయగలదు. అదే సర్వరులో సిబ్బంది పాస్‌పోర్టు కాపీలు, వీసా పేజీలు, జీతాల పట్టికలు కూడా ఉంటాయి. ఇంటి నుంచి ఇంత దూరం వచ్చి పనిచేసే మనవాళ్ల కాగితాలవి. ఈసారి 'డినైడ్' అని వస్తే అందరికీ తెరవమని అడక్కండి. ఆ ఫైలు ఏ గ్రూపులో ఉందో చదివి చెప్పమని ఐటీవారిని అడగండి.