గోలీ ఆగితే పక్షవాతం, పక్షవాతం వస్తే అప్పు

బీపీ అంటే కుర్చీలో కూర్చునేవాళ్ల జబ్బని, కాయకష్టం చేసేటోళ్లకు రాదని మన వాడల్లో ఇంకా అనుకుంటారు. లెక్కలు వేరేగా ఉన్నాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో పదిహేనేళ్లు దాటిన మగవాళ్లలో సుమారు 31 శాతం, ఆడవాళ్లలో 26 శాతం మంది బీపీ ఎక్కువగా ఉన్నవాళ్లు, లేదా దానికి మందులు వాడుతున్నవాళ్లు. దేశ సగటు 24, 21 శాతమే.

వేర్వేరు రోజుల్లో చూసినా 140/90 లేదా అంతకు మించి ఉంటే అది అధిక రక్తపోటు. పరీక్షకు ముందు ఐదు నిమిషాలు కూర్చోవాలి. అరగంట ముందు నుంచి చాయ్, బీడీ వద్దు. ఈ జబ్బుకు చాలామందిలో ఏ లక్షణమూ ఉండదు. లోలోపల గుండెను, కిడ్నీలను, మెదడులోని రక్తనాళాలను దెబ్బతీస్తుంది.

జనగామ నుంచి హైదరాబాద్‌కు వలస పోయిన కూలీకైనా, మహబూబాబాద్ మిర్చి చేలల్లో కాయ ఏరే మహిళకైనా, భూపాలపల్లి బొగ్గు గనుల కాంట్రాక్టు కార్మికుడికైనా చిక్కు ఒక్కటే. గోలీ కోసం దవాఖానకు పోతే ఆ రోజు కూలి పోతుంది. ఒళ్లు నొప్పులకు ఆర్ఎంపీ ఇచ్చే డైక్లోఫెనాక్ లాంటి మందులు తరచూ వాడితే బీపీ ఇంకా పెరుగుతుంది.

రోజుకు ఐదు గ్రాముల లోపు, అంటే చెంచాకు మించకుండా ఉప్పు తినమంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. మంచి మాటే. కానీ కూర లేని పూట పచ్చడి మెతుకులే దిక్కైన ఇంట్లో అది సలహాతో తీరే సమస్య కాదు, కూలి రేటుతో ముడిపడిన సమస్య.

చికిత్స ఖరీదైనది కాదు. 2017లో మొదలైన భారత హైపర్‌టెన్షన్ నియంత్రణ కార్యక్రమం మొదటి రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. అమ్లోడిపిన్, టెల్మిసార్టన్ లాంటి కొద్ది మందులు, ఊరి దగ్గరే ఉచితంగా, నెలకు సరిపడా ఇవ్వాలన్నది దాని పద్ధతి. బీపీ తగ్గిందని గోలీ మానేయొద్దు. తగ్గింది గోలీ వల్లే. మార్చాలన్నా ఆపాలన్నా డాక్టర్‌నే అడగాలి. మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా వెంటనే 108కి ఫోన్ చేయాలి.

ఇంటి పెద్ద మంచాన పడితే ఆ కుటుంబం కూలీనీ కోల్పోతుంది, అప్పులోనూ పడుతుంది. బడి మానేది పిల్లలే. అందుకే విద్యార్థులు, కార్యకర్తలు మీ ఊరి ఉపకేంద్రానికి వెళ్లి మూడు ప్రశ్నలు అడగండి: బీపీ మిషన్ పనిచేస్తోందా? గోలీలు నెలంతా ఉంటున్నాయా? ఆశా కార్యకర్త మా వాడ దాకా వస్తున్నారా? జవాబు రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. గోలీ దయతో ఇచ్చేది కాదు, అది మన హక్కు.