విదేశోద్యోగము, స్వగ్రామ ఋణము

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు పల్లెల నుండియు, రాజంపేట, రాయచోటి ప్రాంతముల నుండియు, గోదావరి మండల గ్రామముల నుండియు అరబ్బు దేశములకు పోవువారి ప్రవాహము దశాబ్దములుగా ఆగలేదు. బోరుబావులెండిన చోట, మగ్గము నిలిచిన చోట, కౌలు గిట్టని చోట దుబాయి, కువైటు, సౌదీ, మస్కటు అను పేళ్లు ఇంటింట వినబడుచున్నవి. వారు పంపిన సొమ్ముతో ఇండ్లు లేచినవి, పెండ్లిండ్లు జరిగినవి, పిల్లలు చదువుకొనిరి. దీనిని మేము కాదనము. కాని అచ్చట కార్మికుడు పడు బాధలను గూర్చి వార్త వచ్చినప్పుడెల్ల పరదేశపు యజమానిని నిందించి ఊరకుండుట మనకు అలవాటైనది. ఆ బాధకు మూలము మన గ్రామముననే, మన కన్నుల యెదుటనే పడుచున్నదని మా యభిప్రాయము.

వలసకూలిని ఋణముతో కట్టివేయుట మనకు క్రొత్త గాదు. తూర్పు తీరపు రేవుల నుండి బర్మాకు పోయిన తెలుగు కూలీలకు మేస్త్రీ ముందుగా బయానా యిచ్చి, ఓడ ఖర్చు భరించి, రంగూనులో వారి కూలి నుండి దానిని రాబట్టుకొనెడివాడు. అప్పు తీరువరకు కూలి మేస్త్రీ మనిషియే. దూరద్వీపములకు ఒప్పందపు కూలీలను పంపు పద్ధతి, జాతీయ నాయకుల ఆందోళనము ఫలించి, 1917లో నిలిచిపోయెను. 1922లో వలస చట్టము వచ్చెను. దాని స్థానమున 1983లో మరియొక చట్టము వచ్చెను. మేస్త్రీ పోయి ఏజెంటు వచ్చినాడు. భేదమొక్కటే: నాడు మేస్త్రీ కూలికి సొమ్మిచ్చి తీసికొనిపోయెడివాడు, నేడు కూలియే ఏజెంటునకు సొమ్మిచ్చి పోవుచున్నాడు.

చట్టమున రక్షణ లేకపోలేదు. 1983 నాటి చట్టము ప్రకారము ప్రభుత్వమునొద్ద నమోదైన ఏజెంటు మాత్రమే విదేశములకు కార్మికులను కూర్పవచ్చును. అతడు పుచ్చుకొనదగిన రుసుము 30,000 రూపాయలకు మించరాదు, పన్ను వేరు. దానికి రసీదు ఇయ్యవలెను. పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారు గల్ఫు దేశములు మొదలైన 18 దేశములకు ఉద్యోగమునకై పోవలెనన్న వలస సంరక్షణాధికారి అనుమతి కావలెను. యజమాని పేరు, జీతము, ఒప్పందము ‘ఈ-మైగ్రేట్’ అను ప్రభుత్వ వ్యవస్థలో నమోదు కావలెను. ఇట్లు పోవువారికి 275 రూపాయలు కట్టిన రెండేండ్లపాటు 10 లక్షల రూపాయల ప్రమాద బీమా గలదు. గృహసేవకు పోవు స్త్రీకి 30 ఏండ్లు నిండియుండవలెను. కాగితముపై చూచినచో ఇది చిన్న రక్షణ గాదు.

అయినను పల్లెకు వచ్చువాడు ఆ నమోదైన ఏజెంటు గాడు. వచ్చువాడు ఉప ఏజెంటు. చట్టమున వానికి స్థానమే లేదు. ఒకచోట దూరపు బంధువు, ఒకచోట గల్ఫులో నాలుగేండ్లుండి వచ్చిన పొరుగువాడు. వాని నోటిమాటయే ఒప్పందము, వాని చిరునవ్వే రసీదు. లక్షయో, లక్షన్నరయో పుచ్చుకొని ఒకనికి విజిట్ వీసా చేతబెట్టి, అచ్చట దిగిన పిదప మార్పించెదనని నమ్మబలుకును. మరియొకనికి ‘ఆజాద్ వీసా’ అనును. పేరు స్వేచ్ఛ, వాస్తవమున కఫీలొకడు, పని యింకొకచోట, రక్షణ ఎచ్చటను లేదు. కువైటులో ఇంటిపనికి 20వ నంబరు వీసా, కంపెనీ పనికి 18వ నంబరు వీసా. మొదటిదానిపై పోయి అంగడిలో పనిచేసినవాడు అచ్చటి చట్టమునకు దోషియే. వీసా యనగా ప్రవేశమునకు అనుమతి. అది ఉద్యోగమునకు పూచీ గాదు. ఈ చిన్న భేదమును చెప్పువారు లేక ఎన్ని కుటుంబములు నష్టపోవుచున్నవి!

ఇక ఋణము సంగతి. లక్షన్నర రూపాయలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చినవాడు నెలకు 3,000 రూపాయలు వడ్డీ క్రిందనే పంపవలెను. రెండేండ్ల ఒప్పందము ముగియుసరికి వడ్డీయే 72,000 రూపాయలగును; అసలు అణువంతయు తగ్గదు. ఈ లెక్క మనస్సులో మోయువాడు, చెప్పిన జీతములో కోతపడినను, యజమాని పాస్‌పోర్టు దాచుకొనినను నోరెత్తగలడా? తాళలేక పారిపోయినచో ‘ఖల్లివెల్లి’ యను పేరు మోసి, ఆ ప్రభుత్వము క్షమాభిక్ష ప్రకటించువరకు దాగియుండవలెను. యూ.ఏ.ఈ.లోను, కువైటులోను 2018లో ఒకసారి, 2024లో మరియొకసారి అట్టి క్షమాభిక్షలు ప్రకటింపబడినవి. ఔట్‌పాసుతో వట్టిచేతుల ఇల్లు చేరినవానికి గుమ్మమున ఎదురగునది వడ్డీయే. యజమాని అనుమతి లేకయే ఉద్యోగము మార్చుకొను వీలును 2020లో ఖతరు దేశము కల్పించినది, మంచిదే. కాని ఒక నెల జీతము తప్పిన ఇంట వడ్డీ నిలిచిపోవునను భయము గలవానికి ఆ హక్కు ఎంతవరకు అక్కరకు వచ్చును?

ఆ యప్పు ఇచ్చినవారెవరు? ఈ పుటలు చదువునట్టి గృహస్థులే: భూమి గలవారు, అంగడి గలవారు, నాలుగు రూపాయలు మిగిలినవారు. పొలము తనఖా పట్టునప్పుడు పట్టా నిజమా కాదా యని పదిమారులు పరీక్షింతుము; ఆ సొమ్ముతో కొనబోవు వీసా నిజమా కాదా యని ఒక్కమారైనను అడుగము. అడిగినచో పోవునదేమి? ఏజెంటు నమోదు సంఖ్య యేది, ఒప్పందపు ప్రతి యేది, సొమ్ము నమోదైన సంస్థ పేరనే బ్యాంకు ద్వారా చెల్లించుచున్నారా యని మూడు ప్రశ్నలు వేసి, సరియైన సమాధానము లేనిచో అప్పీయక నిలిచినచో, ఉప ఏజెంటు వ్యాపారము ఆ యూరిలో సాగదు. పోలీసులకంటె ముందు వానిని ఆపగలవాడు ఋణదాతయే.

ప్రభుత్వముల బాధ్యత దీనిచే తగ్గదు. గల్ఫున మరణించిన కార్మికుల కుటుంబములకు 5 లక్షల రూపాయలిచ్చుటకు తెలంగాణ ప్రభుత్వము 2024లో నిర్ణయించినది. చనిపోయినవాని ఇంటికి ఇచ్చు సొమ్ము న్యాయమే. బ్రదికి పోవువానికి తక్కువ వడ్డీకి సహకార సంఘముల ద్వారా ప్రయాణపు ఋణమిచ్చుట అంతకంటె న్యాయము. రెండు రాష్ట్రములందును విదేశోద్యోగములకై ప్రభుత్వ సంస్థలు గలవు. వాని ప్రకటనలు పట్టణపు కార్యాలయములలో గాక మండల కేంద్రములలో, గ్రామ పంచాయతీ గోడలపై కనబడవలెను. క్రొత్త వలస బిల్లునకు 2021లోను, 2025లోను ముసాయిదాలు వెలువడినవి. ఏ చట్టము వచ్చినను అది పల్లెలోని ఉప ఏజెంటును చూడక, విమానాశ్రయపు ద్వారమును మాత్రమే చూచుచుండినచో ప్రయోజనము స్వల్పము.

విదేశమునకు పోవలదని మేము చెప్పము. కష్టపడు చేతికి లోకమంతయు పొలమే. కాని పోవువాడు తన శ్రమను అమ్ముకొనుటకు పోవలెను గాని, ముందే తాకట్టుపడి పోరాదు. ఆ తాకట్టు పత్రము మన ఊరిలోనే వ్రాయబడుచున్నది. దానిని వ్రాయక నిలుచుటయు మన చేతిలోనే యున్నది.