రక్షణ నిశ్చయత: మొదటి యోహాను పత్రిక బోధ, కాపరి బాధ్యత

పరిచర్యలో ఉన్న ప్రతి కాపరికీ ఈ ముగ్గురూ ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతారు. నలభై ఏళ్లు సంఘంలో నమ్మకంగా నడిచిన ఒక పెద్దావిడ మంచం పట్టిన తరువాత, "అయ్యగారూ, దేవుడు నన్ను చేర్చుకుంటాడంటారా?" అని అడుగుతుంది. ఒక యౌవనస్థుడు ప్రతి సంవత్సరం కన్వెన్షన్ కూటాల్లో చెయ్యెత్తుతాడు. నిరుడు తీసుకున్న తీర్మానం నిజమైనదో కాదో అతనికి తెలియదు. మరొకాయన తాను ఫలానా తారీఖున బాప్తిస్మం పొందాను గనుక తనకు ఏ భయమూ లేదంటాడు. కాని తోడబుట్టినవానితో పదేళ్లుగా మాటలు లేవు.

ఈ ముగ్గురికీ ఒకే జవాబు చెబితే ఒకరికైనా హాని జరుగుతుంది. కలవరపడేవారిని ఇంకా కలవరపరచడం, నిర్లక్ష్యంగా ఉన్నవారిని నిద్రపుచ్చడం, రెండూ కాపరులు చేసే పొరపాట్లే. రక్షణ నిశ్చయతను గూర్చి 1 యోహాను పత్రిక ఏమి బోధిస్తున్నదో, దానిని సంఘంలో ఎలా వాడాలో ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

1. పత్రిక ఉద్దేశం

యోహాను సువార్త వ్రాయబడిన ఉద్దేశం 20:31లో ఉంది: చదువరులు యేసే క్రీస్తని నమ్మి జీవం పొందాలి. పత్రిక ఉద్దేశం 5:13లో ఉంది: దేవుని కుమారుని నామమందు ఇప్పటికే విశ్వాసముంచినవారు తమకు నిత్యజీవం ఉన్నదని తెలుసుకోవాలి. ఈ రెండు వచనాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది. నమ్మడం వేరు, నమ్మిన తనకు జీవమున్నదని ఎరగడం వేరు. మొదటిది ఉండి రెండవది బలహీనంగా ఉన్న విశ్వాసులు సంఘంలో ఉంటారు. వారికోసమే ఈ పత్రిక వ్రాయబడింది.

వారు అలా కలవరపడడానికి కారణం 2:19లో కనిపిస్తుంది. కొందరు సంఘాన్ని విడిచి బయటికి వెళ్లిపోయారు. శరీరధారియై వచ్చిన యేసుక్రీస్తును వారు ఒప్పుకోలేదు (4:2-3). మిగిలినవారికి సందేహం పుట్టి ఉండాలి: సత్యం వారి దగ్గర ఉన్నదా, మన దగ్గర ఉన్నదా? కాబట్టి యోహాను వ్రాసింది విశ్వాసులను అనుమానంలోకి నెట్టడానికి కాదు, కదిలిపోయిన వారిని నిలబెట్టడానికి.

మూలభాషను గమనించినా ఇదే తెలుస్తుంది. 5:13లో "కలిగియున్నారు" అనే అర్థమిచ్చే గ్రీకు క్రియ వర్తమాన కాలంలో ఉంది. నిత్యజీవం మరణం తరువాత మొదలయ్యేది కాదు, విశ్వాసి ఇప్పుడే కలిగియున్నది. 3:14లో మరణంలోనుండి జీవంలోనికి దాటడాన్ని చెప్పే క్రియాపదం ఒకప్పుడు జరిగి, ఫలితం ఇప్పటికీ నిలిచి ఉన్న పనిని సూచిస్తుంది. యోహాను సువార్త 5:24లోనూ అదే క్రియ అదే రూపంలో వాడబడింది.

2. మూడు గురుతులు

స్కాట్లండుకు చెందిన రాబర్ట్ లా 1909లో ప్రచురించిన తన గ్రంథంలో ఈ పత్రికలోని గురుతులను మూడుగా విభజించాడు. చాలామంది వ్యాఖ్యాతలు ఆ విభజనను అనుసరించారు.

మొదటిది విధేయత: ఆజ్ఞలను గైకొనడం (2:3-6). రెండవది ప్రేమ: సహోదరులను క్రియతోను సత్యంతోను ప్రేమించడం (3:14-18). మూడవది సత్యాన్ని గూర్చిన ఒప్పుకోలు: యేసే క్రీస్తని నమ్మడం (2:22-23, 5:1). వీటితోపాటు దేవుడు మనకు అనుగ్రహించిన ఆత్మను గూర్చి కూడా యోహాను ప్రస్తావిస్తాడు (3:24, 4:13).

ఈ జాబితాలో ఉన్నవాటిని ఎంత గమనించాలో, లేనివాటిని కూడా అంతే గమనించాలి. ఆరోగ్యం ఇందులో లేదు. ఐశ్వర్యం, సంతానం లేవు. దర్శనాలు, కన్నీళ్లు, ఆవేశపూరితమైన అనుభవాలు లేవు. రక్షింపబడిన తారీఖు గుర్తుండడం కూడా లేదు. అయినా రోగం తగ్గని విశ్వాసితో "నీలో ఏదో పాపం దాగి ఉంది" అనీ, బిడ్డలు లేని దంపతులతో "మీ రక్షణను పరీక్షించుకోండి" అనీ చెప్పడం మన మధ్య వినబడుతూనే ఉంది. అపొస్తలుడు పెట్టని పరీక్షను పెట్టే అధికారం ఏ కాపరికీ లేదు.

3. పునాది వేరు, గురుతు వేరు

మామిడి చెట్టు కాయ కాస్తే చెట్టు బ్రతికి ఉన్నదని తెలుస్తుంది. అంతేగాని కాయవలన వేరుకు ప్రాణం రాదు. విధేయత, ప్రేమ అటువంటివే. అవి జీవానికి గురుతులు, పునాది కాదు. పునాది 5:11-12లో ఉంది: జీవం కుమారునిలో ఉంది, కుమారుని అంగీకరించినవానికి జీవముంది.

అందుకే యోహాను గురుతులను గూర్చి చెప్పకముందే, మనలో పాపం లేదని చెప్పుకుంటే మనల్ని మనమే మోసపుచ్చుకుంటామని హెచ్చరించి (1:8), మన ఉత్తరవాదిగాను మన పాపాలకు శాంతికరంగాను ఉన్న క్రీస్తును చూపించాడు (2:1-2). ఈ వరుసను మరచి 3:9ని మాత్రమే బోధిస్తే వినేవారు నిరాశలో పడతారు. దేవునివలన పుట్టినవాడు పాపం చేయడని అక్కడ వ్రాసిన చేతితోనే, విశ్వాసి పాపం చేసినయెడల ఉత్తరవాది ఉన్నాడని యోహాను వ్రాశాడు. కాబట్టి 3:9 పాపంలోనే స్థిరపడిపోయిన జీవితాన్ని గూర్చినదని అనేకులు వివరిస్తారు. తప్పిపోయి, ఒప్పుకొని, తిరిగి లేచేవానిని అది ఖండించదు.

మన హృదయమే మనమీద దోషారోపణ చేసినప్పుడు సంగతి ఏమిటి? దేవుడు మన హృదయంకంటె అధికుడని 3:19-20 జవాబిస్తుంది. నిశ్చయతకు చివరి న్యాయస్థానం మన మనోభావం కాదు.

4. సంఘ చరిత్రలో ఈ ప్రశ్న

1547లో ట్రెంటు మహాసభ తన ఆరవ సమావేశంలో, తాను దేవుని కృపను పొందానని ఏ ఒక్కరూ పొరపాటుకు తావులేని విశ్వాస నిశ్చయతతో ఎరగలేరని ప్రకటించింది. దీనికి భిన్నంగా కాల్విన్ విశ్వాసాన్నే దేవుని దయను గూర్చిన స్థిరమైన ఎరుకగా నిర్వచించాడు. అయితే విశ్వాసులు సందేహాలతో పోరాడతారని కూడా ఆయన ఒప్పుకున్నాడు. 1563 నాటి హైడెల్బర్గ్ ప్రశ్నోత్తరి సత్‌క్రియల ఫలాలవలన మన విశ్వాసం మనకు రూఢి అవుతుందని బోధించింది. 1646లో పూర్తయిన వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రమాణం 18వ అధ్యాయంలో మరింత జాగ్రత్తగా మాట్లాడింది. నిశ్చయత పొందడం సాధ్యమే, కాని నిజవిశ్వాసి కూడా దానికోసం చాలాకాలం కనిపెట్టవలసి రావచ్చు.

జాన్ వెస్లీ 1738 మే 24న లండనులోని ఆల్డర్స్‌గేట్ వీధిలో జరిగిన కూటంలో తన పాపాలు క్షమించబడినవన్న నిశ్చయత పొందాడు. రోమా 8:16 ఆధారంగా ఆత్మ ఇచ్చే సాక్ష్యాన్ని ఆయన ప్రసంగాల్లో బోధించాడు. విశ్వాసి అంతం వరకు తప్పక నిలుస్తాడా అనే ప్రశ్నపై కాల్విన్ అనుచరులకూ వెస్లీ అనుచరులకూ భేదముంది. తెలుగు సంఘాల్లోనూ ఆ భేదముంది. అయినను ఈ దినాన తాను దేవుని బిడ్డనని విశ్వాసి ఎరగవచ్చునన్న విషయంలో రెండు పక్షాలూ ఏకీభవిస్తాయి.

5. కాపరి పరిచర్యలో అన్వయం

మొదట చెప్పిన ముగ్గురి దగ్గరకు తిరిగి వద్దాం. మంచం మీద ఉన్న తల్లికి గురుతుల పరీక్ష పెట్టవద్దు. ఆమె దృష్టిని తనమీదనుండి క్రీస్తు వైపుకు త్రిప్పి 2:1-2, 5:11-12 నిదానంగా చదవండి. నలభై ఏళ్లుగా ఆమెలో కనిపించిన ప్రేమను ఆమెకు చూడరాకపోవచ్చు. చూసిన సంఘం ఆ సంగతి చెప్పాలి.

ప్రతి సంవత్సరం చెయ్యెత్తే యౌవనస్థునికి మరొక తీర్మానం అవసరం లేదు, బోధ అవసరం. తన తీర్మానం ఎంత బలమైనదో కొలవడం మానిపించి, తాను ఎవరిని నమ్ముకున్నాడో నేర్పించాలి. తప్పిపోయినప్పుడు మళ్లీ మొదటినుండి రక్షణ పొందనక్కరలేదనీ, పాపాన్ని ఒప్పుకొంటే క్షమించే నమ్మదగిన దేవుడున్నాడనీ (1:9) అతడు గ్రహించాలి.

తారీఖు మీద ఆనుకున్న మూడవ వ్యక్తికి మాత్రం 4:20ని విప్పి చూపించాలి. చూసిన సహోదరుని ద్వేషిస్తూ చూడని దేవుని ప్రేమిస్తున్నాననడం అబద్ధమని అపొస్తలుడు అంటున్నాడు. ఈయనకు ఓదార్పు ఇవ్వడం దయ కాదు. ముందు ఆ అన్నదమ్ముల ఇంటికి వెళ్లి మాట్లాడాలి.

ముగింపు

ఒకే పత్రిక ముగ్గురికీ సరిపోతుంది గాని, ఒకే వచనం ముగ్గురికీ సరిపోదు. ఎవరికి ఏది చదవాలో ఎరగాలంటే కాపరి వాక్యాన్నీ ఎరగాలి, మంద పరిస్థితినీ ఎరగాలి. ఇతరులకు నిశ్చయతను బోధించే మనం కూడా మన పరిచర్య ఫలాలమీద గాక, మనకొరకు శాంతికరమైన కుమారునిమీదనే ఆనుకొని ఉన్నామా అని ఆలోచించుకోవాలి. మన చేయి పట్టుకొని ఆ తల్లి అడిగే ప్రశ్నను రేపు మనమూ మరొకరి చేయి పట్టుకొని అడగవలసి ఉంటుంది.