వేటకెళ్లాడు: వెంటా, హ్యాజ్ గానా?

గో, వెంట్, గాన్. ఈ టేబుల్ మనందరికీ స్కూల్లోనే కంఠతా వచ్చేసింది. ఏ ఫారం ఎప్పుడు వాడాలో మాత్రం అది చెప్పదు. దానికి మన జాలరిపేట తెలుగే బాగా పనికొస్తుంది.

ప్లేస్‌మెంట్ ఇంటర్వ్యూలో "మీ నాన్నగారు ఏం చేస్తారు?" అని అడిగారనుకోండి. పేట కుర్రాడికి ముందు తోచేది "వేటకెళ్తాడు". తెలుగులో రోజూ వెళ్లినా "వెళ్తాడే", రేపు వెళ్లబోతున్నా "వెళ్తాడే". ఇంగ్లిష్‌లో రోజువారీ పనికి "గోస్", రేపటికి "విల్ గో". మనవాళ్లు చాలామంది రెండూ వదిలేసి "ఈజ్ గోయింగ్" అనేస్తారు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, ఇంజిన్ బోట్లకు వేట నిషేధం. ఇంటర్వ్యూ మే నెలలో పడితే బోటు ఒడ్డునే ఉంటుంది, ఆయన వల బాగుచేసుకుంటూ ఉంటారు. అయినా "మై ఫాదర్ గోస్ ఫిషింగ్" నిజమే, అది ఆయన వృత్తి కాబట్టి. "ఈజ్ గోయింగ్" అంటే మాత్రం నిషేధంలో వేటకి బయల్దేరుతున్నట్టు!

అసలు చిక్కు "వెళ్లాడు" దగ్గర. ఇంట్లో అమ్మ "నాన్న వేటకెళ్లాడు" అందంటే ఇంకా రాలేదనే. అది "హ్యాజ్ గాన్". "వెళ్లొచ్చాడు" అంటే ఒడ్డుకు చేరాడు, అది "హ్యాజ్ బీన్". తుఫాను హెచ్చరిక ఉన్న రోజు తెలుగు రాని అధికారి ఎవరైనా ఫోన్ చేసి అడిగితే, మొదటి జవాబుకి మనిషి సముద్రం మీద ఉన్నట్టు, రెండోదానికి తిరిగొచ్చేసినట్టు. ఉత్త "వెంట్" అంటే వచ్చాడో లేదో ఆయనకి తెలీదు. నిన్న, తెల్లారుజామున మూడింటికి... ఇలా గడిచిపోయిన సమయం చెప్తే "వెంట్" వాడాలి. "హి హ్యాజ్ గాన్ యెస్టర్‌డే" కుదరదు.

ఇక ఆ పాత "డిడ్ నాట్ వెంట్". దీనికి రూలు బట్టీ పట్టక్కర్లేదు. "వెళ్లాడు"కి వ్యతిరేకం "వెళ్లాడు లేదు" అంటామా? "వెళ్లలేదు" అంటాం. "లేదు" రాగానే "ఆడు" ఊడిపోయి ఉత్త "వెళ్ల" మిగిలింది. "డిడ్" వచ్చినా అంతే, "వెంట్" కాస్తా "గో" అయిపోతుంది: డిడ్ నాట్ గో. ప్రశ్నకైనా ఇదే: డిడ్ హి గో? "డజ్" కూడా ఈ బాపతే, "గోస్" చివరి "స్"ని లాగేసుకుంటుంది: డజ్ నాట్ గో.