పోయిన ఫోను జాడ

గుంటూరు మిర్చి యార్డు రద్దీలో ఒక రైతు సెల్ ఫోను పోయినదనుకొందము. పోయినది ఫోను మాత్రమే కాదు. కాయ అమ్మిన సొమ్ము చేరు ఖాతాకు అదియే తాళపుచెవి.

దొంగ మొట్టమొదట సిమ్ము తీసి పారవేయును. దానితో జాడ చెరిగినదని అతని తలంపు. కాని ఫోనునకు సొంత సంఖ్య వేరుగా కలదు. అదియే 15 అంకెల ఐ.ఎం.ఇ.ఐ. చివరి అంకె తక్కిన పదునాలుగింటినుండి లెక్కకట్టినదగుటచే, వ్రాయుటలో ఒక్క అంకె తప్పినను పట్టుబడును. కొత్త సిమ్ము వేయగానే ఫోను ఈ సంఖ్యను టవరు ద్వారా కంపెనీకి తెలుపును.

2023 మే నెలలో దేశమంతటికి విస్తరించిన సి.ఇ.ఐ.ఆర్. అను కేంద్ర పట్టికలో, పోలీసు ఫిర్యాదు జతచేసి, ఆ సంఖ్యను నిషేధింపజేసినచో ఏ కంపెనీ సిమ్ముతోను ఫోను పలుకదు. ఎవరైన వాడజూచినచో వార్త పోలీసులకు చేరును. ఒంగోలులో పోయిన ఫోను ఒడిశాలో తేలినను ఇంతే.

*#06# నొక్కినచో సంఖ్య తెరపై కనబడును, ఫోను చేతనున్నంతవరకే సుమా! పోయిన పిమ్మట బిల్లులోనో, కొన్ననాటి పెట్టెమీదనో వెదకవలెను.