చెయ్యి ఊపినా అడుగేనా?

మే నెల వస్తే మస్కట్‌లో పిల్లలు గడప దాటరు. రూవిలో మా వీధి గోడలు సాయంత్రం ఆరు దాటినా చురుక్కుమంటాయి. 2018 జూన్‌లో, మస్కట్‌కి ఆగ్నేయంగా సముద్రం ఒడ్డునే ఉన్న ఖురయ్యాత్‌లో ఒక రోజంతా వేడి 42.6 డిగ్రీలకు తగ్గలేదు, రాత్రి కూడా. అందుకే పిల్లల్ని నడిపించాలని చేతికి అడుగుల బ్యాండు కట్టే తల్లిదండ్రులు మా క్లాసులో చాలామందే ఉన్నారు. ఒకరోజు ఒకడు లేచాడు: "సార్, సోఫాలో కూర్చుని చెయ్యి ఊపితే రెండొందల అడుగులు పడ్డాయి. మనం నడవట్లేదని దానికి తెలీదా?"

తెలీదు. దానికి తెలిసింది కుదుపు ఒక్కటే.

పాత పెడోమీటరు విప్పి చూడండి. ఒక చివర మడతబందు, రెండో చివర చిన్న బరువు ఉన్న కడ్డీ. దాన్ని పైకి పట్టి ఉంచే సన్నని స్ప్రింగు. అడుగు వేసినప్పుడల్లా నడుము కాస్త లేచి పడుతుంది. దాంతోపాటు డబ్బా లేస్తుంది, బరువు మాత్రం జడత్వం వల్ల వెనకబడుతుంది. అంటే డబ్బాలో కడ్డీ కిందికి వంగుతుంది, స్ప్రింగు మళ్లీ లేపుతుంది. ఒక అంకె పడుతుంది. హాక్సా బ్లేడు చివర రబ్బరు ముక్క అంటించి క్లాసులో ఇదే చూపించాను. కిటుకంతా స్ప్రింగులోనే. మెత్తనైతే కారు గతుకులు కూడా అడుగులే. బిగువైతే చిన్నపిల్లల తేలిక నడక లెక్కకే రాదు.

ఇప్పటి బ్యాండులోనూ ఆ బరువే ఉంది, కాకపోతే కంటికి ఆనని సిలికాన్ ముక్క. దాని అంచుకి దువ్వెన పళ్లు. అవి ఎదుటి పళ్ల మధ్య కదిలితే సందు మారుతుంది, దాంతో కెపాసిటెన్సు మారుతుంది. తమాషా ఏమిటంటే, బల్ల మీద కదలకుండా ఉన్నప్పుడు అది సున్నా చూపదు, గురుత్వాన్ని చూపుతుంది. చేతిలోంచి జారి పడుతున్నప్పుడే సున్నా! (నమ్మకపోతే దిండు మీద పడెయ్యండి, గచ్చు మీద కాదు.)

చెయ్యి ఊపే దొంగల కోసం ప్రోగ్రాం రాసేవాళ్లు లయని వెతికారు. మామూలు నడకలో సెకనుకి సుమారు రెండడుగులు. వరసగా కొన్ని అడుగులు ఆ లయలో పడితేగానీ చాలా బ్యాండులు లెక్క మొదలెట్టవు. రెండు రోజుల్లో మావాడు తాళం వేస్తున్నట్టు చెయ్యి ఊపడం నేర్చేశాడు. ఈ పోటీలో నేను వాడి పక్షమే.

రోజుకి పదివేల అడుగులు నడవాలన్న మాట వైద్యులు తేల్చింది కాదు. 1965లో జపాన్‌లో యమాసా కంపెనీ తన మిషన్‌కి పెట్టిన పేరు 'మాన్పో-కేయ్', అంటే పదివేల అడుగుల మీటరు. 1998లో నింటెండో పాకెట్ పికాచు, 2016లో పోకెమాన్ గో, రెండూ నడకని ఆటలో కలిపేశాయి. అయిదు నుంచి పదిహేడేళ్ల వాళ్లకి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది అడుగుల లెక్క కాదు, రోజుకి సగటున 60 నిమిషాలు ఒళ్లు వంచి ఆడటం.

మీ ఇంట్లోనూ చెయ్యి ఊపేవాడుంటే బ్యాండు తీసి బూటు లేసుకి కట్టండి. లెక్క కాస్త తప్పొచ్చు, కాళ్లు మాత్రం కదుల్తాయి.