కప్పకు మేత... వరికి కాపలా

దోమను తినే కప్పపిల్ల, సాలీడు దోమ వచ్చేదాకా ఏం తిని బతకాలి? ఆ మేత మీ గత్తంలోనే పెరుగుతుంది. పేరు స్ప్రింగ్‌టెయిల్. నువ్వుగింజంతైనా ఉండని ఈ పురుగు కుళ్లిన ఆకు, బూజు తింటుంది. తోక మీటి చెంగున ఎగురుతుంది. వరి జోలికి రాదు.

జావా దీవి వరి పొలాల్లో సేంద్రియ ఎరువు ఎక్కువ వేసి చూస్తే, ముందు ఇలాంటి చిరుపురుగులు, వాటి వెనకే సాలీళ్ల వంటి మిత్రజీవులు పెరిగాయని 1996లో శాస్త్రవేత్తలు ప్రకటించారు.

కనుక శ్రీకాకుళం, విజయనగరం రైతు సోదరులారా! దమ్ములోనే మాగిన గత్తం వేయండి. పురుగు కనబడకుండానే, ఉభాలు అవ్వగానే గుళికలు చల్లకండి. మేత చస్తే కాపలా పోతుంది. ఆపైన దోమపోటుకు అడ్డెవరు?